తువ్వాలు విసిరే మనిషి

మామగారికి చూపు మందగించిన దగ్గర్నుంచీ ఆయనకు పుస్తకం చదివి పెట్టడం కూడా నా పనుల్లో చేరింది. ఎవరూ అప్పగించలేదు. ల్యాబులో పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చి, భోజనాల బల్ల తుడుస్తుంటే ఒకరోజు ఆయన కుర్చీలోంచి, "అమ్మాయ్, ఆ బాక్సింగ్ పుస్తకం కాస్త అందుకోమ్మా" అన్నారు. అందుకున్నాను. అంతే, అది నాదైపోయింది. ఈ ఇంట్లో పనులన్నీ నాకు అలాగే అంటుకున్నాయి.

అది పాతకాలపు ఛాంపియన్ ఒకాయన జీవితకథ. గుద్దడంలో కన్నా గుద్దులు తినడంలో ఆయనకు పేరు. మొహం వాచిపోయి కళ్లు మూసుకుపోయినా కింద పడేవాడు కాదట. జనం వెర్రెత్తిపోయి చప్పట్లు కొట్టేవాళ్లట. అలాంటి ఘట్టం వస్తే మామగారు కుర్చీ చేయి మీద చరిచేవారు. "చూశావా! ఎంత కొట్టినా నిలబడ్డాడు. అదీ మొనగాడంటే!"

ఆ మెచ్చుకోలు నాకు కొత్త కాదు. పెళ్లిలో అమ్మ నన్ను వీళ్లకు అప్పజెబుతూ, "మా పిల్లకి ఓర్పెక్కువ వదినగారూ, ఎంత పనైనా నోరెత్తదు" అని గర్వంగా చెప్పింది. అత్తగారు బతికున్నన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ, "మా కోడలు మరమనిషే అనుకోండి" అని నవ్వుతూ చూపించేవారు. జ్వరంతో వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడితే మా ఆయన, "నీకేం, నువ్వు తట్టుకుంటావులే" అని కాఫీ కప్పు అందుకుని వెళ్లిపోయాడు. అవన్నీ చప్పట్లే అనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషించాను కూడా.

నిన్న ల్యాబులో పెద్ద డాక్టరమ్మ నన్ను ఆపి, "కొత్త బ్రాంచికి ఇన్‌ఛార్జిగా నీ తర్వాత చేరిన అమ్మాయిని వేశాం. నువ్వు ఒప్పుకుని ఉంటే ఎంత బావుండేది!" అంది.

"నేనెప్పుడు కాదన్నాను మేడమ్?"

"నేను ఫోన్ చేస్తే మీ ఆయన ఎత్తాడుగా. ఇంట్లో పెద్దాయన్ని చూసుకోవాలి, తనకి కుదరదండీ అన్నాడు. నీకు చెప్పలేదా?"

"చెప్పారు మేడమ్. నేనే మర్చిపోయాను" అని నవ్వాను. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆ తర్వాత మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు ఏమీ కనబడక అలాగే ఉండిపోయాను.

ఈరోజు మధ్యాహ్నం పుస్తకంలో చివరి అధ్యాయానికి వచ్చాం. ఛాంపియన్ ముసలివాడయ్యాడు. చేతులు వణికి చొక్కా గుండీలు పెట్టుకోలేడు. కన్నకూతుర్ని ఎవరమ్మా నువ్వని అడుగుతాడు. అప్పుడప్పుడు మాత్రం ఒక ఆట గుర్తొస్తుంది. ఆ ఆటలో ఆయన గురువు, ఇక చూడలేక, రింగులోకి తువ్వాలు విసిరేశాడు. తువ్వాలు పడిందంటే మా వాడు ఇక ఆడడని అర్థం. జనం గురువును బూతులు తిట్టారు. ఛాంపియన్ ఆయనతో మాట్లాడటం మానేసి, వద్దనేవాడు లేక ఇంకా ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నాడు. "చప్పట్లు కొట్టినవాళ్లు నన్ను చూశారు. నా నొప్పిని చూసింది ఆయనొక్కడే" అంటాడు కూతురితో. ఆ మాట గురువుతోనే చెప్పుకుందామంటే ఆయన బతికి లేడు.

పుస్తకం ఒళ్లోకి దించాను.

"ఏమ్మా, ఆపేశావేం?"

"గొంతారిపోయింది మామయ్యగారూ."

"పిచ్చి గురువు. ఇంకొక్క రౌండు ఆగితే మనవాడు గెలిచేవాడేగా!" అన్నారాయన.

నేను పేజీ మధ్య వేలు పెట్టి పుస్తకం మూశాను. నా పక్షాన తువ్వాలు విసిరే మనిషి ఎవరా అని ఆలోచిస్తున్నాను. అమ్మా? ఆమె చప్పట్లు కొట్టేవాళ్లలో ముందు వరస. మా ఆయనా? ఎవరో ఒకరు ఏదో ఒకనాటికి, చాల్లే ఇక కూర్చో అంటారని ఇన్నేళ్లూ ఎదురుచూశాను కాబోలు. నన్ను అందరికన్నా బాగా ఎరిగినదాన్ని నేనే అయ్యుండి కూడా, నేనెందుకు అనలేదు?

మామగారు కునుకులోకి జారాక డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇన్‌ఛార్జి పని ఎలాగూ పోయింది. కొత్త బ్రాంచిలో ఆ అమ్మాయి కింద సాయంత్రం షిఫ్టు ఉందంది. వస్తానన్నాను.

మా ఆయన వచ్చి బూట్లు విప్పుతుంటే అడిగాను. "నాకొచ్చిన ఫోన్‌కి మీరెలా జవాబు చెప్పారు?"

"ఓ, అదా? నువ్వు స్నానంలో ఉన్నావు. అయినా నిన్నడిగితే మాత్రం వేరే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదు. అదే నా బాధ." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "వచ్చే వారం నుంచి సాయంత్రాలు కొత్త బ్రాంచిలో చేస్తున్నాను. ఒప్పుకున్నాను."

విప్పిన బూటు చేతిలోనే ఉండిపోయింది. "మరి మా నాన్నని ఎవరు చూస్తారు?"

"మీరే అన్నారుగా, మీ నాన్న అని."

అతను నన్ను అంత సేపు చూసి ఎన్నాళ్లైందో. ఇంతలో లోపలినుంచి, "అమ్మాయ్, నా మాత్రలు" అని పిలుపు. అలవాటుకొద్దీ సగం లేచి, కూర్చున్నాను. కాసేపటికి అతనే లోపలికి వెళ్లాడు.

"నాన్నా, నీ మాత్రలెక్కడుంటాయి?"

"నాకేం తెలుసురా? అమ్మాయికే తెలుసు."

చెప్పబోయి నోరు మూసుకున్నాను. వెతుక్కోనీ. ఈ ఒక్క ముక్క అనుకోవడానికి నాకు జుట్టు నెరిసేదాకా పట్టిందే అని మాత్రం ఏడుపొచ్చింది.