సాన్ జోర్జోలో పందెం జెండా

ఫాదర్ ప్లాచిదో ఫోన్ చేసినప్పుడు నేను దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. హోటలు లాండ్రీలో ముప్పయ్యారేళ్లు అదే పని చేశాను. రిటైరయ్యాక కూడా చెయ్యి ఊరుకోదు.

"నీవెస్ గారేనా? సాన్ జోర్జో చర్చి నుంచి మాట్లాడుతున్నాను. మీ జెండా ఒకటి మా దగ్గరుంది. వెనక గది ఖాళీ చేస్తున్నాం. గుడ్డ చీకిపోతోందమ్మా, వచ్చి తీసుకెళ్లండి."

"పారేయండి ఫాదర్," అన్నాను.

"దాని మీద రెండు పేర్లున్నాయి. ఒకరు పారేయమంటే పారేసేదెలా? రెండో ఆవిడకీ చెప్పాను. మంగళవారం పదిన్నరకి వస్తానన్నారు."

రెండో ఆవిడంటే ఫోస్కా. ముప్పయ్రెండేళ్లుగా మాకు మాటల్లేవు.

జుదెక్కా దీవిలో మా ఇద్దరిదీ ఒకే వాకిలి. చిన్నప్పుడు ఒకే మెట్ల మీద కూర్చుని చదువుకున్నాం. పెద్దయ్యాక పదకొండేళ్లు ఒకే పడవ నడిపాం. ఆడవాళ్ల పందెం పడవలో ఇద్దరే ఉంటారు, నిలబడే తెడ్డు వేస్తారు. ముందు ఫోస్కా, వెనక దారి చూసుకునేది నేను. అంటే ఆ పదకొండేళ్లూ నా కళ్లకి ఆమె వీపు, ఆమె చెవులకి నా గొంతు. నా గొంతు చిన్నదేం కాదు.

ఒక ఏడాది గెలిచాం. మొదటి వాళ్లకి ఎర్ర జెండా ఇస్తారు. అది ఎవరింట్లో ఉండాలన్న దాని మీద వారం రోజులు వాదించుకున్నాం. చివరికి ఫోస్కా మొగుడు తుల్లియో విసుక్కుని, "చర్చికిచ్చేయండి, మీ ఇద్దరికీ దక్కదు, నా చెవులకి సుఖం" అన్నాడు. ఫోస్కా దాని మీద మా పేర్లు కుట్టింది. ముగ్గురం వెళ్లి సాన్ జోర్జోలో ఇచ్చొచ్చాం.

ఆ చలికాలమే తుల్లియో గుండె ఆగి పోయాడు. నలభై రెండేళ్లు.

మరుసటి సెప్టెంబరులో మళ్లీ పందెంలో దిగాం. పెద్ద కాలువలో, పడవలు చుట్టి వెనక్కి తిరగాల్సిన మలుపు గుంజ దాకా మేమే ముందున్నాం. గుంజ తిరిగాక ఫోస్కా తెడ్డు నీళ్లలోంచి పైకి తీసింది. తీసి, అలాగే పట్టుకుని నిలబడింది. నేనొక్కదాన్నే వెనక నుంచి వేస్తుంటే పడవ పక్కకి తిరుగుతోంది. ఒక పడవ దాటింది. రెండోది దాటింది. తొమ్మిది పడవల్లో తొమ్మిదో వాళ్లుగా చేరాం.

గట్టు మీద అందరి ముందూ అరిచాను. "ఎవరికి అమ్ముడుపోయావే?" అని కూడా అడిగాను. ఆమె తెడ్డు పడవలోనే వదిలేసి నడిచిపోయింది. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి, నీళ్లవతల మెస్త్రె ఊరికి వెళ్లిపోయి, అక్కడ బడిలో వంటకి కుదిరింది.

ఎందుకు ఆపిందో ఎన్ని రకాలుగా అనుకున్నానో. చెయ్యి పట్టేసిందనుకున్నాను. కళ్లు తిరిగాయనుకున్నాను. ఒక్కోసారి, నిజంగానే అమ్ముడుపోయిందనుకుంటే హాయిగా ఉండేది.

మంగళవారం చలి బాగా ఉంది, ఎండ కూడా ఉంది. మా రేవు నుంచి సాన్ జోర్జోకి పడవలో ఒక్క స్టాపు. రోజూ గిన్నెలు తోముకుంటూ వంటింటి కిటికీలోంచి చూసే చర్చే. అయినా జెండా ఇచ్చిన రోజు తర్వాత అక్కడ కాలు పెట్టలేదు. నేను దిగి నిలబడ్డాక, అవతలి ఒడ్డు నుంచి వచ్చిన పడవలో ఫోస్కా దిగింది. జుట్టంతా తెల్లబడింది. ఎడమ కాలు కాస్త ఈడుస్తోంది.

నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "లావయ్యావు."

"నువ్వు పొట్టిదానివయ్యావు."

"మోకాలు అరిగిందిలే. పద, ఆయన ఎదురుచూస్తుంటాడు."

లోపల బయటికన్నా చల్లగా ఉంది. ఎవరో నలుగురు యాత్రికులు తలలెత్తి గుమ్మటం చూస్తున్నారు. ఫాదర్ ప్లాచిదో అంగీ మీద ముతక స్వెట్టరు వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. కుర్రవాడే, యాభై ఉంటాయేమో. మమ్మల్ని వేదిక వెనక సన్యాసులు కూర్చుని పాడే చోటికి తీసుకెళ్లాడు. అర్ధచంద్రంలా పేర్చిన పాత చెక్క కుర్చీలు, ఒక్కోదాని మీదా చెక్కిన బొమ్మలు. అక్కడ కూర్చోబెట్టి జెండా తెచ్చి మా ఒళ్లో పెట్టాడు.

ఎరుపు పోయి ఇటుక రంగుకొచ్చింది. అంచులు పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. పేర్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి.

"మీరిద్దరూ ఏదో ఒకటి అనుకుని చెప్పండి. నాకు ఫోన్ మోగుతోంది," అని ఆయన వెళ్లిపోయాడు. ఫోనేం మోగలేదు.

ఫోస్కా అక్షరాల మీద వేలు పెట్టింది.

"నీ పేరే ముందు కుట్టాను," అంది ఫోస్కా. "గమనించావా?"

"అప్పుడే గమనించాను."

"ఒక్కసారీ అనలేదే."

"ఇప్పుడవన్నీ ఎందుకు? నాకొక్కటే చెప్పు. ఆ రోజు తెడ్డెందుకు ఎత్తేశావు?"

ఫోస్కా నా వైపు తిరిగింది. వెక్కిరిస్తున్నానా, నిజంగానే అడుగుతున్నానా అని చూసినట్టనిపించింది.

"నీకు తెలీదా?"

"తెలిస్తే ముప్పయ్రెండేళ్లు ఎందుకు బుర్ర బద్దలు కొట్టుకుంటాను?"

"గుంజ తిరుగుతుంటే అన్నావుగా. 'మొగుడి కోసం ఏడ్చే చేతులతో పడవ కదలదే, వేస్తే వెయ్యి, లేకపోతే దూకు' అని."

"నేననలేదు."

"అన్నావు నీవెస్."

"ఛీ, అలా ఎందుకంటాను?"

"అన్నావు. నా వెనక నువ్వు తప్ప ఎవరూ లేరు."

గట్టిగా కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాను. గుంజ గుర్తుంది. వెనక నీలం పడవ ఎంత దూరంలో ఉందో గుర్తుంది. గట్టు మీద పసుపు గొడుగు పట్టుకున్న ఆవిడ గుర్తుంది. ఆ మాట మాత్రం లేదు. ఎంత వెతికినా లేదు. నా జన్మంతా మోసిన కోపానికి కారణం నా నోట్లోంచే వచ్చింది, నాకేమో తెలియనే తెలియదు.

"నాకు గుర్తులేదు ఫోస్కా," అన్నాను. "కానీ అది నా మాటే. అలాంటి మాటలు నాకే వస్తాయి."

"వస్తాయి."

"గట్టు మీదైనా చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పనిచ్చావా? పైగా ఏం చెప్పమంటావు? చేతులు బాగానే ఉన్నాయి. వెనక ఇంకొకరుంటే లాగేసేదాన్నే. నీకు గెలుపు ఇవ్వబుద్ధి కాలేదు, అంతే. నాకూ లేకుండా పోయిందనుకో. పోతే పోనీ అనుకున్నాను." ముక్కు ఎగబీల్చింది. "ఆ తర్వాత ప్రతి ఏడాదీ అనుకున్నాను, క్షమించమని వస్తుందేమో అని. గుర్తే లేదని ఎవరికి తెలుసు!"

"తప్పయిపోయింది," అన్నాను.

"ఏమన్నావు?"

"వినిపించింది నీకు."

"చెవులు కూడా అరిగాయి. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. ఫోస్కా నా చేతి మీద చెయ్యి వెయ్యడం లాంటిదేం చెయ్యలేదు. తల ఒకసారి ఊపి, జెండా అంచున రాలిన పొడిని ఒళ్లోంచి దులిపేసుకుంది.

ఫాదర్ తిరిగొచ్చి, "ఎవరు తీసుకుంటారు?" అన్నాడు.

"ఆమెకివ్వండి," అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆయన నవ్వాడు.

నేను విడమరిచి చెప్పాను. మా ఇల్లు కింది అంతస్తు, నవంబరు వరదలో సముద్రం నీళ్లొచ్చి గోడలు నడుం దాకా తడిశాయి, ఇంకా ఉప్పు ఊరుతోంది. అక్కడ ఈ గుడ్డ ఆరు నెలలు నిలవదు. మెస్త్రెలో ఫోస్కాది నాలుగో అంతస్తు, పొడి గాలి. "అద్దం కట్టించు," అన్నాను.

"నాకు తెలుసులే ఏం చెయ్యాలో," అంది. ఫాదర్ జెండాని పల్చటి కాగితంలో చుట్టి, అట్ట మీద పెట్టి ఇచ్చాడు. వెళ్లే ముందు గంటల గోపురం ఎక్కుతారా, లిఫ్టుంది అన్నాడు. చలికి ఇద్దరం వద్దన్నాం.

రేవులో పడవ కోసం నిలబడ్డాం. ఆమె అటు వెళ్లాలి, నేను ఇటు వెళ్లాలి. ఆమె పడవే ముందొచ్చింది. నావికుడు తాడు వేస్తుంటే, "ఆదివారం ఏం చేస్తున్నావు?" అంది.

"ఏం చేస్తాను, ఇస్త్రీ."

"రా. రాదికియో ఆకుకూర వేసి రిసొత్తో అన్నం చేస్తాను. బస్సు దిగి కుడిపక్క రెండో వీధి. తెలియకపోతే ఫోన్ చెయ్యి, అరిచి అడక్కు."

ఆదివారం వెళ్లాను. జెండా ఇంకా అట్ట మీదే, బీరువా పైన ఉంది. అద్దం కట్టేవాడు మార్చి దాకా ఖాళీ లేడట. రిసొత్తోలో ఉప్పు తక్కువైంది, చెప్పలేదు, వేసుకున్నాను. ఆమె మనవరాలి పెళ్లి గురించి, నా మూత్రపిండాల్లో రాళ్ల గురించి, పాత వాకిలిలో ఇప్పుడెవరెవరున్నారో వాళ్ల గురించి మాట్లాడుకున్నాం. పందెం ఊసు ఎవరమూ ఎత్తలేదు. మధ్యలో రెండుసార్లు ఆమె లేచి గిన్నెలు సర్దింది, నేను కిటికీలోంచి బస్సుల్ని చూశాను.

నాలుగింటికి కోటు వేసుకున్నాను. మళ్లీ ఎప్పుడని ఆమె అడగలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తానని నేనే చెప్పాను. "అప్పటికి కుర్చీ ఇంకోటి కొంటాను, ఇది ఊగుతోంది," అని తలుపు వేసుకుంది.