గొర్రెలు దాటిపోయిన కారు

…అది కాదు మేఘా, 'నేను' అని రాయొద్దమ్మా. 'నారప్ప' అని రాయి. నేను నేను అంటే మీ అవ్వ అంతా అబద్ధమంటాది. వేరేవాళ్ల కత మాదిరి ఉండాల. కల్యాణదుర్గంలో తెలుగు చదివినావు కదా, నేను ఎట్ల చెప్పినా నువ్వు పుస్తకంలో మాదిరి దిద్దుకో. నిదానంగానే చెప్తా. నాకు తొందర యాడ వస్తాది? ఆ, మిట్ట కాడ నుంచి పెట్టు.

ఆ ఆదివారం నిడుగల్లు మిట్ట సగం ఎక్కి కారు మూలిగింది. అది నారప్ప మనవడు నందీష్ కారు. సోలార్ పార్కులో పలకలు కడిగే పనిమీద ఉంటాడు నందీష్. మూడేళ్ల జీతం దాచి పావగడలో ఒకరి దగ్గర పాత పెట్రోలు కారు కొన్నాడు. కొన్న కొత్తలో జింకలా పోయేది. ఈ మధ్య చదును రోడ్డు మీద కూడా దానికి ఆయాసం వస్తోంది.

నిడుగల్లు నారప్ప భార్య చిన్నక్క పుట్టిల్లు. ఆమె తమ్ముడు బోరయ్య మనవరాలికి ఆ రోజు చెవులు కుట్టిస్తున్నారు. చిన్నక్క వెనక సీట్లో లడ్ల గంప ఒళ్లో పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. కారు మూలగగానే నారప్ప దిగి నెట్టడం మొదలుపెట్టాడు. చిన్నక్క మాత్రం కదల్లేదు.

"నేను దిగను. కారు కొన్నది నడిచేదానికా?"

అంతలో వెనక నుంచి గొర్రెల మంద వచ్చింది. కారుకు అటూ ఇటూ చీలి, ఏమాత్రం తొందరపడకుండా, దాటుకుంటూ పోయింది. ఒక పొట్టేలు కిటికీలోకి తల పెట్టి లడ్లను వాసన చూసి మరీ పోయింది. మంద చివర కర్ర ఊపుకుంటూ బోరయ్య.

"ఏం బావా, కారు మేపుతుండావా?"

నారప్ప జవాబు వెతుక్కునేలోగా బోరయ్య కిటికీ దగ్గరికి పోయాడు. "అక్కా, మా కుంటి గొర్రె కూడా ముందరికి పోయింది. దిగి దాని తోక పట్టుకో, బిరీన పోతావు."

చిన్నక్క ముఖం ఎర్రబడింది. ఆ కోపం తమ్ముడి మీదికి పోకుండా నేరుగా మొగుడి మీదికి వచ్చింది.

"అంతా ఈయన వల్లే! నా విత్తనం కాయలు తిని తిని బరువెక్కినాడు. ఈయన్ని ఎక్కించుకుంటే ఏ కారు ఎక్కుతాది?"

ఆ విత్తనం గొడవ అప్పటికి రెండు నెలలదయింది. నారప్ప ఊరు క్యాతగానచెర్లులో వాళ్ల పొలమంతా సోలార్ పలకల కిందికి పోయినా, వాగు పక్కన ఒకటిన్నర ఎకరం మిగిలింది. అందులో వేసేందుకు చిన్నక్క పాతరకం వేరుశనక్కాయలు ఏడాదికేడాది ఏరి, బస్తాకు ఎత్తి దాచేది. ఈసారి ఆ బస్తా రోజురోజుకూ దిగిపోతోంది. నారప్పకేమో కూర్చుంటే చాలు, కాయ ఒలిచి నోట్లో వేసుకునే అలవాటు. ఇంకెవరిని అనుమానించాలి?

"నేను… తిన…" అన్నాడు నారప్ప.

"చూడండప్పా, తిన్నానని ఆయనే చెప్తుండాడు!"

నారప్ప చెప్పబోయింది 'తినలేదు' అని. ఆయన మాట ఎప్పుడూ అంతే. ఎడ్లబండిలా నిదానంగా వస్తుంది. చిన్నక్క ఎదురెళ్లి మిగతా సగం తనే లాక్కుంటుంది. యాభై ఏళ్లుగా ఆ ఇంట్లో నారప్ప ఒక్క మాటైనా పూర్తిగా చెప్పిన పాపాన పోలేదు.

చిన్నక్క గంప నెత్తిన పెట్టుకుని దిగింది. "నన్ను కూర్చోబెట్టుకుని ఈ కారు మిట్ట ఎక్కాల. నా విత్తనం దొంగ బయటపడాల. ఆ రెండూ అయ్యేదాకా నేను మీ ఊరికి రాను!" అని, గొర్రెలను కూడా దాటేసి పుట్టింటికి పోయింది.

తొమ్మిది రోజులు గడిచాయి. కోడలు వేళకు సంగటి పెడుతూనే ఉంది. అయినా నారప్పకు ముద్ద దిగలేదు. ఆయన "అమ్మా, కొంచెం ఆ…" అంటాడు. కోడలు మర్యాదగా నిలబడి వింటుంది. నీళ్లా, ఉప్పా, ఊరగాయా అని ఎదురుచూస్తుంది. చిన్నక్క అయితే 'ఆ' దగ్గరే చెంబు తెచ్చి పెట్టేది. సగం మాటలు ఇల్లంతా పడి ఉన్నాయి, ఏరుకునే మనిషి లేదు.

పదో రోజు నందీష్ ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు.

"తాతా, దొరికింది! మన కారుకు ఊపిరాడటం లేదు. సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒకటి ఉంటాది. దాన్ని మార్చాల."

"అది… ఏం చేస్తాది?"

"లోపల తేనెతుట్టె మాదిరి సన్న బొక్కలుంటాయి. పొగలో విషాన్ని ఆడే మార్చి బయటికి పంపుతాది. బెంగళూరులో రేసు కార్లకు వేసేది దొరుకుతాది. దానికి పెద్ద బొక్కలు. అది వేస్తే పొగ జుయ్యిమని పోతాది, కారు జుయ్యిమని ఎక్కుతాది!"

"పెద్ద బొక్కలైతే… విషం జారిపోదా?"

నందీష్ ఫోన్‌లో ఇంకొంచెం కిందికి జరిపి చూశాడు. "కొంచెం జారుతాది," అన్నాడు గొంతు తగ్గించి. వెంటనే గొంతు పెంచి, "ఈ వీడియో చూడు తాతా!" అన్నాడు.

వీడియోలో ఎర్ర కారు ఒకటి పులిలా గాండ్రించింది. ఆ చప్పుడుకు పెరట్లో ఆవు గుంజ చుట్టూ రెండు చుట్లు తిరిగింది. నారప్ప కళ్లు మెరిశాయి. "ఇంకోసారి పెట్టు," అన్నాడు. ఏడుసార్లు పెట్టించుకున్నాడు. ఆయన కళ్లకు అప్పటికే మిట్ట కనబడుతోంది. చిన్నక్క వెనక సీట్లో, బోరయ్య దుమ్ములో.

"ఇంత చప్పుడు చేస్తే బోరయ్య గొర్లు పొలిమేర దాటి ఆంధ్రాలోకి పోతాయి కదరా!"

"అదే కదా తాతా కావాల్సింది! మరి వేయించేదా, వద్దా? నువ్వు ఊ అంటే రేపే."

నారప్ప తనకు తెలియకుండానే 'ఊ' అనేశాడు. ఆయన జీవితంలో అంత తొందరగా వచ్చిన మాట అదొక్కటే. రాత్రి పడుకున్నాక మాత్రం జారిపోయే ఆ కొంచెం విషం గుర్తొచ్చి, అటూ ఇటూ దొర్లాడు.

పొద్దున పావగడలో మెకానిక్ మంజునాథ్ షెడ్డుకు పోయారు. మంజునాథ్ అంతా విని, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"వేయమంటే వేస్తానప్పా. ఎమిషన్ టెస్టులో, అదే పొగ పరీక్షలో, పోతే నన్ను అడగొద్దు. ఈ మామూలు ఇంజన్‌కు దాంతో వచ్చే బలం ఇంత." చిటికెడు ఉప్పు పట్టినట్టు వేళ్లు చూపించాడు. "పాతది మూసుకుపోయుంటే వేరే మాట. ముందు అది చూద్దాం."

కారు కిందికి దూరి, గేజు తగిలించి, ఇంజన్ రేస్ చేయించి చూశాడు. "దీనికేం కాలేదు. పొగ బాగా పోతుండాది. వెనక దారి బాగుంటే ముక్కు చూడాల."

బానెట్ ఎత్తి, గాలి పోయే ఫిల్టర్ డబ్బా మూత లాగాడు. గలగలమంటూ కాయలు రాలాయి.

వేరుశనక్కాయలు! ఇంజన్ మీద, నేల మీద, మంజునాథ్ చెప్పుల్లో. డబ్బా నిండా కుక్కి ఉన్నాయి. మధ్యలో మెత్తగా పరుపు వేసినట్టు ఒక నీలం గుడ్డ పేలిక. డబ్బా పక్కన ఎలుక కొరికిన బొక్క.

"పెద్దాయనా," అన్నాడు మంజునాథ్, "ఈ కారుకు మీరు పెట్రోలు పోస్తుండారా, కాయలు పోస్తుండారా?"

నందీష్ నవ్వు ఆపుకోలేక టైరు మీద కూలబడ్డాడు. నారప్ప ఆ గుడ్డ ఎత్తి చూశాడు. బస్తా మీద కప్పిన చిన్నక్క పాత కోక! ఆయనకు కాళ్లు నిలవలేదు. రెండు చేతుల్లో కాయలు పట్టుకుని షెడ్డులో గుండ్రంగా తిరిగాడు.

"నేను తినలే! నేను తినలే! నేను తినలే!"

మూడుసార్లూ పూర్తిగా అన్నాడు. మధ్యలో లాక్కునేవాళ్లు ఎవరూ లేరు. పక్క అంగడివాళ్లు వచ్చి చూశారు. ఆయన వాళ్లందరికీ తలా రెండు కాయలు పంచి, మళ్లీ అదే చెప్పాడు.

"సరే, ఎలక కారులోకి ఎట్ల వచ్చింది? యాడ నిలుపుతారు దీన్ని?" అడిగాడు మంజునాథ్.

నందీష్ తాత వైపు చూశాడు. నారప్ప తిరగడం ఆపాడు.

కొట్టంలో బస్తాకు చెమ్మ తగులుతుందేమోనని నారప్పే ఒక ఉపాయం కనిపెట్టాడు. సాయంత్రం కారు వేడిగా వస్తుంది కదా, దాని మూతి తీసుకొచ్చి బస్తాకు ఆనించమన్నాడు. ఇంజన్ వేడికి విత్తనం పొడిగా ఉంటుందని. చిన్నక్క అప్పుడే వద్దంది. ఆయన వినలేదు. రెండు నెలలుగా ప్రతి సాయంత్రం నందీష్ ఎలుకలకు బస్తా నుంచి ఇంజన్ దాకా వంతెన వేసి పెట్టాడు. పైగా వెచ్చటి ఇల్లు.

"అంటే… తిన్నది నేను కాకపోయినా…" అన్నాడు నారప్ప.

"పెట్టింది నువ్వే తాతా," అన్నాడు నందీష్. ఆ సగం మాట మనవడు పూర్తి చేయడం ఆయనకు అంతగా నచ్చలేదు.

కొత్త ఫిల్టర్ వేశాక కారు గొంతే మారిపోయింది. నందీష్ చెయ్యి మళ్లీ ఫోన్ మీదికి పోయింది. "అది లేకుండానే ఇట్లుండాదే, ఆ రేసుది కూడా వేసినామంటే తాతా…"

నారప్ప ఈసారి నిదానంగా చెప్పాడు. "రేయ్, మిట్ట మీద కారు ఎనక ఉన్నింది ఎవరు? నేను, గొర్లు. ఒక్కరమన్నా దగ్గినామా? ఆ తుట్టె విషం పట్టుకునింది కాబట్టే కదా. ముక్కులో కాయలు ఇరుక్కునుంటే, పాపం దాని తోక కోసేదానికి వచ్చినాం. నిన్న నేనన్న ఊ వాపసు తీసుకుంటుండా. వద్దు."

అక్కడి నుంచి నేరుగా మిట్ట. రెండో గేరులో కారు గుటుక్కున ఎక్కేసింది. నారప్ప కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దారిలో ఉన్న ప్రతి రాయికీ టాటా చెప్పాడు. పైకి చేరగానే బోరయ్య ఇంటి ముందు చిన్నక్క చేటతో రాగులు చెరుగుతూ కనబడింది. ఇంజన్ చప్పుడుకు ఆమె తల తిరగబోయింది.

"తిప్పు! తిప్పు నందీషా, కారు తిప్పు!" అంటూ నారప్ప సీటు కిందికి జారిపోయాడు.

దిగుతుంటే బోరయ్య మందతో ఎదురొచ్చాడు. "ఏం బావా, ఎక్కినాది కదా! మళ్లా దిగుతుండావేంది?"

కారు ఎక్కింది సరే. దొంగ సంగతి చెప్పాలి కదా. నారప్ప ఎదురుగా నిలబడి "ఎలకలకు కాయలు… నేనే…" అనేలోపు, "నువ్వే అమ్ముకున్నావా!" అనేస్తుంది చిన్నక్క. అక్కడి నుంచి ఇంక ఏ కారూ ఎక్కలేని మిట్ట.

…రాసినావామ్మా అంతా? మిగిలిన కాయలు మూత ఉండే ఇనప డ్రమ్ములో పోసినామని కూడా రాయి. విత్తనానికి చాలతాయి. కారు ఇప్పుడు వీధిలో నిలుపుతుండామని రాయి. చెమ్మ సంగతి ఆమె చెప్పినట్లే చేస్తానని రాయి. ఆ, అంతే.

రేపు పొద్దున మేము పోయి మిట్ట కింద కారులో కూర్చునుంటాం, ఆమె దిగి వస్తే కూర్చోబెట్టుకుని ఎక్కేదానికి. నువ్వు మీ అవ్వకు ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించు తల్లీ. మధ్యలో ఆమె అడ్డం వస్తాది. రానీ. చెప్పేదంతా చెప్పనిచ్చి, యాడ నిలిపినావో ఆడినుంచే మళ్లా చదువు. 'నేను తినలే' అనే కాడ మాత్రం కొంచెం గట్టిగా చదువు.