బాపమ్మ ఇచ్చిన వాంగ్మూలం

బాపును కన్నతల్లి, మా బాపమ్మ ఐలవ్వ నా కొలువు చెడగొట్టింది. ఆ సంగతి పక్కింటి లస్మవ్వ చెప్పగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"పొద్దుగాల మామూలు బట్టలల్ల ఎవలో ఒకాయన వచ్చి, మీ స్పందన ఎట్లాంటి పిల్ల అని అడిగిండే. మీ బాపమ్మ ఊకుంటదా? వాడకట్టంత కొట్లాటలు పెట్టుకుంటదన్నది, ఎవలో పోరనితోని తిరుగుతదన్నది, ఠాణాల కేసు సుత ఉన్నదన్నది. నేనైతే నోరు తెరిచిన!"

నా మీద కేసా! సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడిపే బాలమల్లు బిడ్డను నేను. మిలిటరీ పోలీసులో అమ్మాయిలను తీసుకుంటున్నారంటే ఏడాదంతా పడి చదివాను, పరుగెత్తాను. పరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ దాటాను. ఇక మిగిలింది పోలీసు ఎంక్వయిరీ ఒక్కటే. అది సరిగ్గా లేకపోతే బెంగళూరుకు ట్రైనింగుకు పిలవరు. సరిహద్దులో యుద్ధం మొదలైన రోజులు, ఎంక్వయిరీ గట్టిగా ఉంటుందని ముందే చెప్పారు.

బాపమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఏమీ ఎరగనట్టు ఎంత నిమ్మళంగా ఉందో!

"గట్లెందుకు చెప్పినవే?" అని అరిచాను.

"పిలగానోళ్లు పంపిన్రనుకున్న బిడ్డా. పెండ్లి వద్దు వద్దని నువ్వే మొత్తుకుంటివి. గిట్ల చెప్తే మల్ల ఇటు దిక్కు సూడరనుకున్న."

నమ్మే మాటే. మా దగ్గర సంబంధం అనుకుంటే, ముందుగా ఎవరో తెలియని మనిషిని వాడకట్టుకు పంపి పిల్ల గురించి ఆరా తీయిస్తారు. అట్లా వచ్చినవాళ్లను బాపమ్మ ఇదివరకు కూడా నా కోసమే వెళ్లగొట్టింది. బాపు విని పడీ పడీ నవ్వాడు. "తెల్వక నోరు జారింది తియ్యి. రేపు ఠాణాకు పోయి చెప్తే అయిపాయె, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు, అనుమానం వచ్చింది. తప్పంతా హనుమంతు సారుది. మిలిటరీ పోలీసులో చేసి రిటైరై, కాలేజీ గ్రౌండులో మాకు ట్రైనింగు ఇచ్చింది ఆయనే. పరుగు అయ్యాక మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. ఒకరు అబద్ధం చెప్పాలి, ఇంకొకరు పట్టుకోవాలి.

"బ్రిటిషోళ్లు ప్రపంచ యుద్ధమప్పుడు మిలిటరీ పోలీసులకు నేర్పిన పనే గిది. మనోళ్లనే మనం అనుమానించాలె. మనిషి ఏం చెప్పిండన్నది ఇడిసిపెట్టున్రి. రోజూ చేసేదాంట్ల ఏం చెయ్యలేదో గది సూడున్రి" అనేవాడు.

మళ్లీ లస్మవ్వ దగ్గరికి పోయాను. "బాపమ్మ ఆయన్ను మొదలు ఏమడిగింది?"

"ఏమడగలే. ఆయన అడుగుడు, గీమె చెప్పుడు. గంతే."

సంబంధం మాట ఎత్తినవాళ్లకు బాపమ్మ మంచినీళ్లు ఇచ్చేముందు అడిగేది ఇంటిపేరు. మా ఇంటిపేరే అయితే వాడు నాకు అన్న వరస, ఇక మాటలెందుకు అంటుంది. ఆ మనిషిని మాత్రం అడగలేదు.

వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. "బాపమ్మా, పొద్దుగాల వచ్చినాయన ఇంటిపేరేంది?"

ఆకు కత్తిరించే చెయ్యి ఆగింది. "మర్సిపోయిన."

"నువ్వా? బస్సుల పక్కన కూసున్నోళ్లను సుత అడుగుతవ్. ఆయన పోలీసని నీకు ముందుగాలనే ఎరుక."

ఒళ్లోని చాట పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అన్నది, "ఎరుకనే. వచ్చుడుతోటే నాకొక్కదానికే చెప్పిండు."

"మరి నన్ను దొంగను చేసినవేందే!"

"టీవీల బాంబులు పడవట్టె. నిన్ను రోడ్డు నడిమిట్ల నిలవెడ్తరట గదా, మిలిటరీ బండ్లకు తొవ్వ సూపుమని. అందరు పోయేదాక నువ్వు కదలొద్దట. హనుమంతే చెప్పిండు. నలుగురు నాలుగు మాటలన్నా అననీ. కండ్ల ముందల ఉంటవనుకున్న."

తిట్టాలని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. అక్కడి నుంచి లేచి లోపలికి వెళ్లిపోయాను.

తెల్లారి చూస్తే ఉతికిన చీర కట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. "నడువు" అన్నది.

ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ కైలాసం ఠాణాలో మేము వచ్చిన సంగతి విని ఆశ్చర్యపోయాడు. "కేసు లేదా అవ్వా? నేను రికార్డులన్ని దేవులాడుతున్న!"

"కేసు లేదు సారూ. పోరడు లేడు, కొట్లాట లేదు. నేనే అబద్ధమాడిన."

"ఎందుకాడినవ్?"

బాపమ్మ నా వైపు చూసింది. "పెండ్లి సంబంధమోళ్లనుకున్న" అన్నది.

"నేను పోలీసునని చెప్తిని గదా!"

"ముసలిదాన్ని, చెవులు సరిగ్గ ఇనరావు."

లస్మవ్వ ఇంట్లో పోపు వేస్తే మా అరుగు మీద కూర్చుని వినే మనిషి! కైలాసం నవ్వేశాడు. "సరే తియ్యి. గిది సుత అడగాలె. యుద్ధం నడుస్తున్నది, ఎరుకే గదా. పిల్లను పంపుడు ఇంట్ల అందరికి ఇష్టమేనా? నీకు ఇష్టమేనా అవ్వా?"

ఆమె చెయ్యి బల్ల కింద నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఇష్టమే సారూ. నేనే పంపుతున్న" అన్నది.

అబద్ధమని నాకు తెలుసు. ఈసారి పట్టుకోలేదు.