ఎడమకి లాగిన విమానం

ఆ ఇంట్లో మోడల్ విమానాలు కట్టేది టైలరమ్మ, ఎగరేసేది డ్రైవరుగారు. ఈ పంపకం ఎవరు చేశారని అడిగితే మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని వీధి మొత్తానికీ చొక్కాలూ గౌన్లూ కుట్టే మనిషి. విమానాల పిచ్చి ముందు పట్టింది ఆయనకే, కానీ ముదిరింది ఆవిడకి. కత్తెర పట్టిన చెయ్యి కదా, ఫోమ్ షీట్లు కోయడం, అతకడం చూస్తుండగానే ఆవిడ చేతికి వచ్చేశాయి. మైదానంలోకి వెళ్ళాక మాత్రం ఆవిడకి మిగిలే పని ఒక్కటే. విమానాన్ని చేత్తో పట్టుకుని గాలికి ఎదురుగా విసరాలి. ఆ తర్వాత రిమోట్ ఆయనది, ఆకాశం ఆయనది.

అలాగని రిమోట్ ఇవ్వనని ఆయన ఏనాడూ అనలేదు. అడిగినప్పుడల్లా ఇచ్చాడు. ఇచ్చి, పక్కనే నిలబడి, విమానం కాస్త తొట్రుపడితే చాలు, చటుక్కున లాగేసుకున్నాడు. జన్మంతా స్టీరింగు పట్టుకున్న చేతులు ఊరికే వేలాడమంటే వేలాడతాయా! తను కట్టిన విమానాన్ని తనే నేలకి దించాలన్న ముచ్చట మాత్రం ఆవిడకి తీరకుండా పోయింది. ఎన్ని విమానాలు కట్టినా ఆ వెలితి వెలితిగానే ఉండిపోయింది.

అందుకే ఈసారి షీట్లు కోయకముందే చెప్పేసింది.

"ఈ విమానం పైకి లేచిన దగ్గర్నుంచీ కిందకి దిగేదాకా నేనే నడుపుతాను. గిరికీలు కొట్టినా సరే, నేల కరిచినా సరే, మీరు రిమోట్ ముట్టుకోకూడదు."

"మాటంటే మాటే," అన్నాడాయన, ఇంతకుముందు అన్నంత తేలిగ్గానే.

ఇక చిక్కు ఫోమ్ షీట్లతో వచ్చింది. ప్యాకెట్టు మీద అయిదు మిల్లీమీటర్లని నల్లటి అక్షరాలతో బ్రహ్మాండంగా అచ్చువేసి ఉంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. ఒక షీటు పలచన, ఒక షీటు బొద్దు. ఒకే షీటులో కూడా ఈ మూల ఒక మందం, ఆ మూల ఇంకో మందం. ప్లాను కాగితం గీసినవాడేమో అన్నీ అయిదే అనుకుని గాడులన్నీ అయిదుకే గీశాడు. ఆ లెక్కన కోస్తే బొద్దు ముక్క గాడిలో దూరనని మొరాయించింది, కాస్త గట్టిగా నొక్కితే గాడి చీలిపోయింది. పలచటి ముక్క నాన్న చెప్పుల్లో పిల్లవాడి కాలులా అటూ ఇటూ ఆడింది.

"అయిదని రాశాడుగా!" అన్నాడు డ్రైవరుగారు.

"రాసినవాడు మీకేమైనా మేనమామా, అంత నమ్మకం?"

"స్కేలు పెట్టి చూశానే. అయిదే ఉంది."

"మీ స్కేలుకి అయిదూ అయిదున్నరా ఒక్కలాగే కనిపిస్తాయి. కాస్త జరగండి, వెలుతురుకి అడ్డం."

ఆయన జరిగాడు. ఆవిడ ప్లాను మడిచి పక్కన పెట్టేసింది. వచ్చినవాడి ఒంటికి టేపు పెట్టకుండా, పోయినేడాది కొలతలతో చొక్కా కుడితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ప్రతి షీటు అంచు నుంచీ సన్నటి పేలిక ఒకటి కోసుకుంది. ఏ ముక్క ఏ గాడిలోకి పోవాలో, ఆ ముక్క తాలూకు పేలికనే పెట్టి గాడి గీసింది. మూల మారితే పేలికా మార్చింది. పని రెట్టింపయింది, కానీ జిగురు పెట్టకముందే విమానం ఒళ్ళంతా గుండీ పెట్టినట్టు కుదురుకుంది. కూనిరాగం తీస్తూ, మిషను మీద సగం కుట్టిన చొక్కా సంగతే మరిచిపోయింది.

రెక్కల దగ్గరకొచ్చేసరికి పేలికలు పనిచేయలేదు. ఒక్కో రెక్కకి ఒక్కో షీటు నిండుగా కావాలి. మిగిలినవి రెండే, అందులో ఒకటి పలచన, ఒకటి బొద్దు. పలచటిది ఎడమ రెక్కయింది, బొద్దుది కుడి రెక్కయింది. అంతా అతికి, ముక్కునీ తోకనీ వేలికొసల మీద నిలబెట్టి చూస్తే విమానం కుడి పక్కకి ఒరిగింది. ఆయన గుమ్మంలో నిలబడి చూడనే చూశాడు, ఏమీ అనలేదు. ఆవిడా ఏమీ అనలేదు. తను నోరెత్తితే, కొత్త షీట్లు తెప్పిద్దాం, నెల ఆగు అంటాడు. ఆ నెలలో ఆయనిచ్చిన మాటా పాతబడిపోతుందని ఆవిడ భయం.

మర్నాడు బజారు నుంచి వచ్చాక, ఆయన అలా బయటికి వెళ్ళగానే ఉప్పుకాగితం తీసింది. ఎడమ రెక్క మందానికి ఒక అట్టముక్కలో గాడి కోసి, దాన్ని కుడి రెక్క అంచుల వెంట జరుపుకుంటూ పోయింది. ఎక్కడ ఇరుక్కుని ఆగితే అక్కడ రుద్దింది. మధ్య భాగానికి అరచెయ్యే కొలత. తెల్లటి పొడి ముక్కు మీదా కనుబొమల మీదా పేరుకుంది. రెండు రెక్కలూ ఒక్క మందానికి వచ్చేసరికి ఆవిడకి ఎంత సంతోషం వేసిందంటే, మళ్ళీ వేలికొసల మీద నిలబెట్టి చూడాలనే తోచలేదు. మందం కుదిరాక బరువు ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్ళారు. గాలి పలచగా, తిన్నగా ఉంది. ఆవిడ రిమోట్ పట్టుకుంది. ఆయన విమానాన్ని తల మీదకెత్తి, "విసరనా?" అని అడిగి మరీ విసిరాడు.

లేచింది. లేచి, చెట్ల ఎత్తుకి వెళ్ళి, ఎడమకి తిరిగింది. ఆవిడ రిమోట్ మీది పుల్ల కుడికి తోసి సరిచేసింది. మళ్ళీ ఎడమకే ఒరిగింది. ఈసారి ఎక్కువ తోసింది, కుడికి పల్టీ కొట్టబోయి మళ్ళీ ఎడమకే వాలింది. కంటి కొసన తనకు బాగా తెలిసిన చెయ్యి రిమోట్ మీదకి రావడం కనిపించింది.

"చెయ్యి తియ్యండి!"

అంత గట్టిగా ఆవిడ ఆయన మీద ఎప్పుడూ అరవలేదు. చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్ళింది. ఆయన రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నాడు.

"ఎడమ రెక్క చివర వాషరుంది," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏ వాషరు?"

"కుడి రెక్క బరువుగా ఉందిగా. నీకు ఇబ్బంది కాకూడదని... నిన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు టేపు కింద అతికించా."

"అయ్యో రాత! వచ్చాక ఆ కుడి రెక్కని నేను అరగదీశానండీ!"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, దాచక దాచక ఇదొక్కటీ దాచాడు! కోపం, నవ్వు ఒక్కసారే తన్నుకొచ్చాయి ఆవిడకి. రెండింటికీ తీరిక లేదు. విమానం మళ్ళీ ఒరుగుతోంది.

"నేను తోలిన బస్సొకటి అచ్చం ఇలాగే ఎడమకి లాగేది," అన్నాడాయన, చేతులు కదపకుండా. "ఒరిగినప్పుడల్లా సరిచేయకు. కుడికి కొంచెం పట్టే ఉంచు. వదలకు. అంతే."

ఆవిడ పట్టే ఉంచింది. తొట్రుపాటు సద్దుమణిగింది. విమానం తిన్నగా సాగింది. మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పింది, ఇంకో చుట్టు తిప్పింది. తన చేతివేళ్ళు అంత దూరాన ఆకాశంలో పనిచేస్తుంటే చూసుకోవడం ఆవిడకి భలే బాగుంది.

"దించేటప్పుడు..." అని మొదలెట్టాడాయన.

"మాట్లాడకండి."

వేగం తగ్గిస్తే ఎడమ రెక్క నేలకి తగులుతుందని ఆవిడకి అర్థమైంది. అందుకని మామూలుకంటే వడిగా, గడ్డిని రాసుకునేంత కిందుగా తీసుకొచ్చి, చివరి క్షణంలో మోటారు ఆపింది. విమానం పొట్టమీద గడ్డిలో జారుకుంటూ పోయి ఆగింది. ఏదీ విరగలేదు. పక్కకి తిరిగి చూస్తే ఆయన చేతులు ఇంకా వీపు వెనకే ఉన్నాయి. నొక్కి నొక్కి మణికట్టు ఎర్రగా కందిపోయింది.

మైదానం ఆ చివర తన విమానం బిగించుకుంటూ, ఇందాకటి నుంచి ఆకాశం వైపే చూస్తున్న పళ్ళ డాక్టరొకాయన చప్పట్లు కొడుతూ వచ్చాడు.

"డ్రైవరుగారూ, అంత వంకరగా పోయేదాన్ని భలే దించారండీ! మీ చెయ్యే చెయ్యి!"

ఇలాంటి మెచ్చుకోళ్ళు ఆయనకి కొత్త కాదు. ఎప్పుడూ చిరునవ్వుతో పుచ్చుకునేవాడు. ఇప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నేను కాదండీ, మా ఆవిడ. నేను విసిరేవాణ్ణి."

అని, విమానాన్ని తీసుకురావడానికి గడ్డిలోకి నడిచాడు.