చింతపిక్కల వరసలో ఖాళీ గడి

మోహన్‌కృష్ణ మాస్టారు తన తల్లిని ఒక్క నిమిషంలో చదివించేశాడు. పలక కొన్నది లేదు, బడికి పంపింది లేదు. జూలై నెలలో తల్లిదండ్రుల సమావేశంలో నిలబడి ఒక్క మాట అన్నాడు, అంతే. శృంగవరపుకోట అవతల పల్లెలో వరినాట్లు వేసుకుని బతికే తవిటమ్మ, ఇక్కడ కొండమీద అక్షరాలొచ్చిన మనిషైపోయింది. పాపం, ఆ సంగతి ఆవిడకే తెలియదు.

జీలుగుపుట్టు పెదబయలుకి పైన, జీపు మూలుగుతూ ఎక్కే చోట, ఇరవై మూడు గడపల ఊరు. బడి ఏడో తరగతి దాకా ఉంది. ఆ రోజు సమావేశానికి వచ్చింది ఏడుగురు ఆడవాళ్ళు. హాజరు పుస్తకంలో ఏడు వేలిముద్రలు పడ్డాయి. మోహన్‌కృష్ణకి ఒళ్ళు మండింది. చెడ్డవాడేం కాదు, పిల్లలకి లెక్కలు ప్రాణం పెట్టి చెబుతాడు. కానీ మనుషుల్ని సిగ్గుపెడితే తప్ప బాగుపడరని అతనికో నమ్మకం. ముందు వరసలో కూర్చున్న సోములమ్మ, తల్లీతండ్రీ లేని మనవరాలు సుకిరిని సాకుతున్న ముసలామె, వేలికి అంటిన సిరాని తీరిగ్గా జుట్టుకి రాసుకుంటోంది. అది చూసి అతనికి నోరు ఆగలేదు.

"మా అమ్మ పగలంతా పొలంలో నడుం వంచి, సాయంత్రం నా పక్కన కూర్చుని పుస్తకం చదివి పాఠం చెప్పేది. చదువు రాని తల్లి ఉంటే బిడ్డకి ఒక కన్ను లేనట్టే. మీకు సిగ్గనిపించదా?"

ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. సోములమ్మ సిరా వేలిని పిడికిట్లో దాచేసుకుంది. మందు బాగా పట్టిందని మోహన్‌కృష్ణ లోపల సంతోషించాడు.

ఆ మాటలో సగం నిజమే. తవిటమ్మ సాయంత్రాలు అతని పక్కన కూర్చున్నమాట నిజం. ఒళ్ళో చేట పెట్టుకుని చింతపండులో పిక్కలు తీసేది. వాడు గట్టిగా చదువుతుంటే వినేది. గొంతు ఆగితే, కునుకుతున్నాడని తెలిసి, వీపు మీద చిన్నగా తట్టేది. అలా పదో తరగతి దాకా తట్టింది. పుస్తకంలో ఏముందో ఆవిడకి ఒక్క ముక్క తెలియదు. నిజం చెప్పి ఉంటే ఆ ఏడుగురు తల్లులకీ అది పనికొచ్చేది. కానీ నిజంలో తనకి గొప్ప కనిపించలేదు.

అబద్ధం చెప్పినవాడికి దేవుడు జ్వరం ఇస్తాడని ఎవరూ అనలేదు గానీ, ఆగస్టులో మోహన్‌కృష్ణకి మలేరియా వచ్చింది. కబురు తెలిసి తవిటమ్మ ఓ చేతిసంచితో బస్సెక్కి, జీపెక్కి, అతను అద్దెకుంటున్న రేకుల ఇంట్లో దిగింది. గంజి కాచింది, ఒళ్ళు తుడిచింది. మూడో రోజున సోములమ్మ వచ్చింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, సదువుకున్న తల్లిని సూద్దామని వచ్చేనమ్మా అంది. కొంగున కట్టి తెచ్చిన ఆస్పత్రి చీటీ విప్పి, ఏ మాత్ర ఎప్పుడేసుకోవాలో చెప్పమంది.

తవిటమ్మ తెల్లబోయింది. చీటీని చేతిలోకి తీసుకుని, వేలితో ఒకసారి తడిమి, డాక్టరు రాత మా బాబుకే తెలుస్తాదమ్మా, లేచేక అడుగుదాం అంది. మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్న మోహన్‌కృష్ణ గుండెల మీంచి బండ దిగింది. అమ్మ భలే తప్పించిందనుకున్నాడు. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అతనికి చెవులు కాలతాయి.

సోములమ్మ వెళ్ళాక తల్లికి చెప్పాడు. ఎవరైనా అడిగితే చదువొచ్చని చెప్పమన్నాడు. ఇక్కడ మాస్టారి తల్లి అంటే ఒక మర్యాద ఉంటుందన్నాడు. తవిటమ్మ కొడుకు ముఖంలోకి కాసేపు చూసింది. ఎందుకని అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడు. ఆవిడ అడగలేదు.

"నీకు సిన్నతనం కాకుండా ఉంటే సాలు నాయినా. అలాగే సెప్తాన్లే" అంది.

జ్వరం తగ్గి బడికి వెళ్ళేసరికి ఏడో తరగతి లెక్కల్లో దత్తాంశం పాఠం వచ్చింది. ఊళ్ళో తిరిగి వివరాలు సేకరించాలి, గణన చిహ్నాలు గీయాలి, గ్రాఫు వేయాలి. ఏం లెక్కపెడదామంటే పిల్లలు కోళ్ళన్నారు, పనసచెట్లన్నారు. మోహన్‌కృష్ణ ఒప్పుకోలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళలో చదవడం ఎంతమందికి వచ్చో లెక్కపెట్టమన్నాడు. గ్రాఫు వేసి వచ్చే సమావేశంలో వరండాలో వేలాడదీస్తే, చదువొచ్చినవాళ్ళ పొట్టి కమ్మీ, రానివాళ్ళ పొడుగు కమ్మీ చూసి అందరికీ బుద్ధొస్తుందని అతని లెక్క.

పాఠం మాత్రం గొప్పగా చెప్పాడు. పొయ్యి వెలిగే ఏ ఇల్లూ వదలకూడదు. ఎవరి బదులు ఎవరూ జవాబు చెప్పకూడదు. నోటిమాట నమ్మకూడదు, రెండో తరగతి తెలుగు వాచకం చేతికిచ్చి ఒక్క వాక్యం చదివించాలి. చదివితే ఒక రాజ్మా గింజ, చదవకపోతే ఒక చింతపిక్క డబ్బాలో వేయాలి. ఒక గింజంటే ఒక మనిషి. ఆ గింజలనే అట్ట మీద గడుల్లో అతికిస్తే అదే గ్రాఫు. అప్పుడు సుకిరి లేచి, గింజ ఆ మనిషి చేత్తోనే వేయించాలి సార్, మనం వేస్తే దొంగలెక్క అవుతుంది అంది. శభాష్ అన్నాడు మాస్టారు. ఆ నియమం కూడా నల్లబల్ల మీద తన చేత్తోనే రాశాడు.

శనివారం మధ్యాహ్నం సుకిరి చంకలో నోటుపుస్తకం, వాచకం, భుజాన గింజల సంచి, చేతిలో డబ్బా పట్టుకుని మాస్టారి గుమ్మంలోకి వచ్చింది. మోహన్‌కృష్ణ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మాది అద్దె ఇల్లులే, ఊరి లెక్కలోకి రాదన్నాడు.

"పొయ్యి ఎలుగుతోంది గదా సార్" అంది సుకిరి.

నిజమే, పొయ్యి మీద చారు కాగుతోంది. అతను వాచకంలో ఒక వాక్యం చదివి, తన రాజ్మా గింజ తను వేశాడు. సుకిరి వాచకం తీసుకుని తవిటమ్మ వైపు తిరిగింది. ఆవిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"అమ్మకి వచ్చు, రాసుకో" అన్నాడు మోహన్‌కృష్ణ.

సుకిరి కదల్లేదు. ఎవరి బదులు ఎవరూ చెప్పకూడదని ఆ పిల్లకి నేర్పినవాడే చెబుతుంటే ఏం చేయాలో తోచలేదు. పుస్తకాన్ని అలా చాపి పట్టుకునే ఉంది. తవిటమ్మ కొడుకు వైపు ఒకసారి చూసి, కళ్ళు మసకలమ్మా, అద్దాలు ఇంటికాడ మర్చిపోయేను అంది. అంటూనే చేటలోంచి ఆవగింజంత రాయి తీసి గడపవతల పారేసింది. సుకిరి ఆ రాయినీ చూసింది, మాస్టారినీ చూసింది. నోటుపుస్తకంలో చిన్న గీత గీసి, పక్కన మళ్ళీ రావాలి అని రాసుకుంది.

మోహన్‌కృష్ణ సంచిలోంచి ఇంకో రాజ్మా గింజ తీసి, తనే డబ్బాలో పడేశాడు. టక్కుమని శబ్దమైంది. సుకిరి అతని చెయ్యి వైపే చూసి, డబ్బా మూతపెట్టి వెళ్ళిపోయింది. తవిటమ్మ బియ్యం ఏరుతూనే కూర్చుంది. ఆ పూట అన్నం అతనికి సహించలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. సోమవారం క్లాసులో డబ్బా బోర్లించి లెక్కపెట్టారు. పద్నాలుగు రాజ్మా గింజలు, నలభై నాలుగు చింతపిక్కలు. నోటుపుస్తకంలో మాత్రం చదివినవాళ్ళు పదమూడు, చదవనివాళ్ళు నలభై నాలుగు, ఒక గీత. పుస్తకం, డబ్బా సరిపోకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టేనని చెప్పింది మాస్టారే. పిల్లలు రెండుసార్లు లెక్కపెట్టారు. ఒక గింజ ఎక్కువొచ్చింది సార్ అని అందరూ అతని వైపు చూశారు.

సుకిరి లేచి నిలబడింది.

"నేనే ఒకటి రాయడం మర్సిపోయేను సార్" అంది.

పన్నెండేళ్ళ పిల్ల మాస్టారి పరువు కాపాడుతోంది. ఆ సంగతి క్లాసులో ఇద్దరికే తెలుసు. అప్పుడైనా నోరు విప్పొచ్చు. మోహన్‌కృష్ణ మాత్రం, జాగ్రత్తగా రాసుకోవాలమ్మా, ఒక్క గింజ తప్పితే గ్రాఫంతా తప్పు అన్నాడు. సుకిరి తల వంచుకుని, రబ్బరుతో పదమూడుని చెరిపి పద్నాలుగు రాసింది. గీతని కూడా చెరిపింది. కాగితం మీద మాసిన మచ్చ మిగిలింది. మోహన్‌కృష్ణ కిటికీ వైపు తిరిగాడు. జీవితంలో తనంటే తనకి అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

అట్ట మీద గడులు గీసింది సుకిరే. గింజలన్నీ అతికించాక చూస్తే చింతపిక్కల వరసలో చివర ఒక గడి ఖాళీగా ఉంది. అదేమిటని అడిగితే, గీత ఎక్కువ పడింది సార్ అంది. అతను రెట్టించలేదు.

సమావేశం రోజున హెడ్మాస్టరు వరహాలరావు కుర్చీలు సరిపోక చాపలు పరిపించాల్సి వచ్చింది. ఊరు ఊరంతా వచ్చింది. తమ చేత్తో వేసిన గింజ ఎక్కడ అతికించారో చూసుకోవాలని అందరికీ సరదా. సిగ్గుపెడదామని మాస్టారు వేలాడదీసిన అట్ట ముందు ఆడవాళ్ళు సంతలో నిలబడ్డట్టు నిలబడి, ఇది నాది, అది మా అత్తది అంటూ నవ్వుకుంటున్నారు. అందరూ తలో పిక్కా వేస్తేనే కదా ఆ పొడుగు కమ్మీ అంత పొడుగైంది. అతను దాచిపెట్టుకున్న ఉపన్యాసం నోట్లోనే చల్లారిపోయింది.

అప్పుడొచ్చింది తవిటమ్మ. రావద్దని పొద్దున్నే చెప్పాడు. కానీ మాత్ర వేసుకోవడం మర్చిపోయాడని, చెంబుతో మంచినీళ్ళు కూడా పట్టుకుని వచ్చింది. ఆడవాళ్ళు జరిగి దారిచ్చారు. వాళ్ళలో ఒక పడుచుపిల్ల, ఇంకా పెళ్ళయి ఏడాది కాలేదు, మర్యాదగా అట్ట పైన ఉన్న పెద్దక్షరాలు చూపించి, అక్కడేటి రాసుందో మీరు సదివి సెప్పండమ్మా అంది.

తవిటమ్మ ఆ అక్షరాల వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. చెంబు మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. పొలంలో పాము కనపడ్డా అలా బెదిరేది కాదు.

"నా కళ్ళు..." అంటూ మొదలుపెట్టింది.

తల్లి తన కోసం ఇంతమంది ముందు మళ్ళీ అబద్ధం ఆడబోతోంది. అది వినడం మోహన్‌కృష్ణ వల్ల కాలేదు.

"మా అమ్మకి చదువు రాదు" అన్నాడు. "మొదట్నించీ రాదు. నేను మీతో అబద్ధం చెప్పాను. ఆ పద్నాలుగో గింజ నేనే వేశాను. సుకిరి లెక్క తప్పలేదు, తెలిసి తెలిసి దానిచేత తప్పు ఒప్పించాను."

ఇక అందరూ నవ్వుతారని, ఛీ అంటారని తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. సోములమ్మ ముందుకొచ్చింది.

"మాకు తెలుసు బాబూ" అంది మెల్లగా. "నానిచ్చిన సీటీని ఆయమ్మ ఏలితో తడిమింది. సదువొచ్చినోలు కంటితో సూత్తారు, మాలాటోలమే తడుముతాం. ఆ దినమే ఆడోలందరికీ సెప్పేను. మాస్టరికి సిగ్గవుతాది, ఎవులూ అడగొద్దని. ఈ కొత్త కోడలికి సెప్పడం మరిసిపోయేను."

ఆ మాటకి మోహన్‌కృష్ణ తలెత్తాడు. జూలైలో నలుగురిలో తను సిగ్గుపెట్టిన మనిషి, నెల తిరక్కుండా తన సిగ్గుని ఊరంతటి చేతా దాచిపెట్టించింది. ఆవిడ ముఖంలోకి చూడలేక చేతుల వైపు చూశాడు. జుట్టుకి రాసుకున్న సిరా ఎప్పుడో పోయింది. అతనికి మాత్రం అది ఇంకా ఆ వేలి మీదే కనిపించింది. ఆ రోజు నేనన్న మాట తప్పమ్మా అన్నాడు, సోములమ్మకి మాత్రమే వినపడేలా. ఆవిడ ఊఁ అని ఊరుకుంది. పర్వాలేదని మాత్రం అనలేదు.

తవిటమ్మ చెంబు కింద పెట్టింది. కొడుకు దగ్గరికి వచ్చి, చిన్నప్పుడు కునుకు పడితే తట్టినట్టే వీపు మీద చిన్నగా తట్టింది. తర్వాత సుకిరి వైపు తిరిగింది.

"గుంటా, నా సింతపిక్క ఇటియ్యి. ఎక్కడ ఎయ్యాలో సూపించు."

సుకిరి జేబులోంచి ఒక పిక్క తీసింది. అప్పటికప్పుడు వెతికింది కాదు, దగ్గరే ఉంచుకుంది. చింతపిక్కల వరస చివర ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టి చూపించింది. తవిటమ్మ పిక్కకి బంక రాసి, ఆ గడిలో అతికించి, ఊడిపోకుండా బొటనవేలితో అదిమి పట్టుకుంది. అవతలి వరసలోంచి మోహన్‌కృష్ణ ఒక రాజ్మా గింజని గోటితో పీకాడు. దాని వెనక అట్ట కాస్త చిరిగింది.

సుకిరి నోటుపుస్తకం తెరిచి, మాసిన మచ్చ మీద మళ్ళీ పదమూడు రాసింది. కింద నలభై అయిదు వేసింది. రెండూ కూడి, యాభై ఎనిమిది, ఇప్పుడు సరిపోయింది సార్ అని పుస్తకం అతని చేతికిచ్చింది. అతను ఎర్ర పెన్నుతో సరి అని పెట్టబోయి ఆగాడు. పెన్ను ఆ పిల్లకే ఇచ్చాడు.

"నువ్వే దిద్దమ్మా" అన్నాడు.