మడత విప్పిన గొంతు

నేను ఒక ప్రోగ్రాంని. నల్లటి తెర మీద ఎవరైనా నా పేరు టైపు చేస్తేనే లేస్తాను. పెద్ద ఫైళ్లను కుదించి దాచడం, అడిగినప్పుడు ఉన్నదున్నట్టు విప్పడం నా పని. మాటిమాటికీ వచ్చేదాన్ని ఒక్కసారి రాసుకుని, మిగతా చోట్ల గుర్తు పెట్టుకుంటాను. ఏదీ పారెయ్యను.

నన్ను తయారుచేసినాయన ఉచితంగా లోకానికి వదిలేశాడు. కొన్నాళ్లు ఒక కాలేజీ ల్యాబులో ఉన్నాను. పరీక్షల రోజుల్లో తప్ప అక్కడ నన్ను తలిచినవాళ్లు లేరు. తర్వాత విజయనగరంలో, జానపద గేయాలు సేకరించే ఒక చిన్న ఆఫీసు కంప్యూటర్లోకి వచ్చాను.

అక్కడ ఇందుమౌళి గారు పనిచేసేవారు. ఒకరోజు పై అధికారి వచ్చి, "డిస్కు నిండిపోయిందండీ. ఆ పాత రికార్డింగులు తీసేయండి, ఎవరు వింటారు?" అన్నాడు. ఆవిడ సరేనని తల ఊపి, ఆయన వెళ్లగానే నన్ను పిలిచింది. వారం రోజులు కూర్చుని నాలుగు వందల పాటలు నాచేత కుదింపజేసింది. ప్రతి ఫైలూ ఒకసారి విప్పి చూసుకున్నాకే అసలుది చెరిపింది. ఆ వారం నేనెంత సంతోషపడ్డానో!

ఆవిడకి బదిలీ అయింది. తొమ్మిదేళ్లు నా పేరు ఎవరూ టైపు చెయ్యలేదు. కంప్యూటర్ వెలిగేది, ఆరేది. మనుషులు దాచినంత శ్రద్ధగా, దాచిన సంగతిని గుర్తుపెట్టుకోరు.

చివరికి ఆ కంప్యూటర్ని పాత సామాన్లవాళ్లకి ఇచ్చేస్తున్నారని తెలిసి, ఇందుమౌళి పరుగున వచ్చింది. వెంట నూకాలు అనే చేపలమ్ముకునే ఆవిడ ఉంది. వాళ్లమ్మ దండాసమ్మ వల లాగే పాటలు పాడేదట; ఆ నాలుగు వందల్లో ఆమె పాడినదీ ఉంది. ఆమె పోయి ఆరేళ్లయింది.

"మా యమ్మది ఒక్క ఫొటో కూడా లేదు మేడం. గొంతన్నా ఉంటాదేమోనని వచ్చినాను," అంది నూకాలు.

ఇందుమౌళి నా పేరు కొట్టింది. తొందరలో మొదటిసారి ఆజ్ఞ తప్పు రాసింది. తప్పని చెప్పాను. మళ్లీ కొట్టింది. ఒక్కొక్క మడతే విప్పుకుంటూ పోయాను.

దండాసమ్మ దగ్గింది. గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది.

నూకాలు కొంగు నోటికి అడ్డుపెట్టుకుని పాటంతా విన్నది. అయ్యాక మెల్లగా అడిగింది: "ఇంకోపాలి ఎయ్యండి మేడం. పాట కాదు. ముందర దగ్గింది కదా, అది."

పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయి. నాతో పని అయిపోయింది. మూడోసారి ఆ దగ్గు వినిపిస్తుండగా, పాత సామాన్లు కొనేవాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ఇందుమౌళి వాళ్లకి కుర్చీలు చూపించి, కాసేపు కూర్చోమంది.