నెద్కో పెట్టిన హోల్డు

నెద్కో బొటనవేలి గోరుతో ఇనుప పోతముక్కను గీకుతున్నాడు. లిఫ్టు ఆగినప్పుడు బ్రేకును బిగించి పట్టే చెయ్యిలాంటి భాగం అది; అలాంటివి చేసే ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ అతని పని. గోరు వంపు వెంట నున్నగా జారుతూ వెళ్లి, మెడ దగ్గర టక్కున ఆగింది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ చోటిని కిటికీ వెలుగుకి తిప్పి చూశాడు. సూదిమొనతో పొడిచినట్టు గుంపుగా రంధ్రాలు. చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి ముక్కను చెవికి ఆనించుకున్నాడు.

ఆ చెవి గురించి బాల్కన్ కొండల కింద ఉన్న ఆ చిన్న ఊళ్లో చాలానే చెప్పుకుంటారు. ఒక పెళ్లిలో ద్రాక్షసారా గ్లాసుకి గ్లాసు తగిలించి, గ్లాసు బాగానే ఉంది గానీ పెళ్లికొడుకులో పగులుంది అన్నాడట. చలికాలం రాకముందే పెళ్లికూతురు పుట్టింటికి వచ్చేసింది. ఇందులో సగమైనా అబద్ధమే. పెళ్లికి పిలిస్తే మూల కూర్చుని తిని వచ్చే రకం నెద్కో. పొట్టి మనిషి; తలకీ భుజాలకీ మధ్య మెడ పెట్టడం దేవుడు మరిచిపోయాడు. కనుబొమల్లో ఇనుపపొడి చేరి, ఎండలో నిలబడితే మెరుస్తుంది.

సుత్తి పక్కన పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక్క వేలితో, పురుగును నొక్కినట్టు ఒక్కో అక్షరం నొక్కి ఆ బ్యాచిని హోల్డులో పెట్టాడు. తెర మీద వరస ఎర్రబడింది. ఎర్రబడ్డ సరుకును స్టోరు బయటికి ఇవ్వకూడదు. పెట్టెలన్నిటికీ ఎర్రచీటీలు అంటించి, వల కట్టిన మూలగదిలోకి తోయించాడు.

కాసేపటికి ఉత్పత్తి చూసే కమెన్ వచ్చాడు. కుర్రతనంలో నెద్కో దగ్గరే పని నేర్చుకున్నవాడు; ఇప్పుడు ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. లారీ సాయంత్రానికి వస్తుందని చెప్పాడు. నెద్కో రంధ్రాలు చూపించాడు. కమెన్ చూసి, నువ్వు కాదన్నాక ఇంకేముంది బాబాయ్ అని, భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. పనికిరాని ముక్క మీద సుద్దతో అడ్డగీత గీసే కాలంలో ప్రతి గీతకీ ఒక యుద్ధం జరిగేది. టోపీలు నేలకేసి కొట్టేవాళ్లు, తల్లుల్ని ఎత్తి తిట్టుకునేవాళ్లు. ఒక ఫోర్‌మన్ అయితే పై చొక్కా విప్పి మరీ మీదికొచ్చాడు. కంప్యూటరు వచ్చాక అంతా మర్యాదే. హోల్డు అంటే హోల్డు, ఎదురు మాట లేదు. జీవితం చివర్లో తనకింత గౌరవం దొరికిందని భార్య రాయ్నాతో ఎన్నో సాయంత్రాలు చెప్పుకున్నాడు. ఆమె తుంటి నొప్పికి సంచిలో వేడినీళ్లు పోసుకుని పెట్టుకుంటూ, ఇంకేం, నీకు విగ్రహం కట్టిస్తారు అనేది. ఏడో అంతస్తులో ఉంటారు వాళ్లు. మెట్లు ఎక్కలేక ఆమె లిఫ్టులో వెళ్తుంది. ఆ లిఫ్టు రొద వినలేక నెద్కో మెట్లెక్కి వస్తాడు.

మధ్యాహ్నం రొట్టె, తెల్ల చీజు, టమాటా విప్పుకుని చూస్తే మసాలా కలిపిన రంగు ఉప్పు పొట్లం లేదు. స్టోరు చూసే దోన్కాను అడుగుదామని వెళ్లాడు.

దోన్కా నేల మీద చతికిలబడి ఉంది. ముందు అతని పెట్టెలు. తడిగుడ్డతో ఎర్రచీటీలు నానబెట్టి ఊడదీస్తోంది. ఊడినచోట కొత్త తెల్ల చీటీలు అంటిస్తోంది. అతన్ని చూసి సిగ్గుపడలేదు, కంగారుపడలేదు.

"రా బాబాయ్. పిల్లలకి బాప్తిస్మం ఇస్తున్నా" అంది.

నెద్కో వంగి, ఊడిన ఎర్రచీటీ ఒకటి ఏరుకున్నాడు. ఆమె చేతిలోని గుడ్డ ఆగింది.

"నీకు తెలుసనుకున్నాను" అంది.

తరవాత నెమ్మదిగా చెప్పింది. ఆ సరుకును కంప్యూటరులోంచి తీసేసి, కొత్త బ్యాచి పేరుతో మళ్లీ ఎక్కిస్తారు. కొత్త పేరు మీద హోల్డు ఉండదు. పాత పేరు మీదిది అలాగే ఉంటుంది.

"నీ హోల్డుని ఎవరూ ముట్టుకోలేదు, నా పిల్లల మీద ఒట్టు" అంది. "నీ మనసు కష్టపెట్టొద్దని కమెన్ మొదట్లోనే గట్టిగా చెప్పాడు."

ఎప్పటినుంచి అని అడిగాడు. కంప్యూటరు వచ్చినప్పటినుంచీ అంది.

నెద్కో ఆమె తెర ముందు వంగాడు. తన హోల్డులన్నీ కిందికి, ఇంకా కిందికి జరిపి చూశాడు. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ చెరిగిపోలేదు, నిగనిగలాడుతూ ఎర్రగా. ప్రతి దాని పక్కనా సరుకు ఎంతుందో చెప్పే గడిలో సున్నా.

ఉప్పు అడగకుండానే వెనక్కి వచ్చాడు. రొట్టె ముట్టుకోలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, ఇన్నేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. బ్యాచిని వదిలేసి, ఆ రకం ముక్కలన్నిటికీ ఉండే పార్టు నంబరు మీదే హోల్డు పెట్టాడు. ఇక దానికింద ఎన్ని కొత్త బ్యాచిలు పుట్టినా పుట్టుకతోనే ఎరుపు. షెడ్డులో ప్రతి తెరా ఎర్రబడింది. ఒక మిషను ఆగింది, దాని పక్కది, ఆపై అన్నీ. ఆ నిశ్శబ్దంలో, ముందే వచ్చి గేటు దగ్గర కాచుకున్న లారీ డ్రైవరు పొద్దుతిరుగుడు గింజలు కొరికి ఉమ్మే చప్పుడు వినబడిందని తరవాత చెప్పుకున్నారు.

కమెన్ పరుగెత్తుకు రాలేదు. నడిచే వచ్చాడు.

"పెన్షను వాకిట్లో కూర్చుని ఎందుకిది, బాబాయ్?"

"ఎవరో ముసలావిడ ఎక్కుతుందిరా దాంట్లో."

"ఎక్కనీ. రెండో బ్రేకు ఉంటుంది."

"రెండోది ఎవడు చూస్తున్నాడు?"

కమెన్ నవ్వాడు. "నీలాంటివాడే, ఎక్కడో."

నెద్కో లేచి నిలబడ్డాడు. టోపీ చేతిలోకి తీసుకున్నాడు. పాతకాలంలో ఇక్కడే మొదలయ్యేది. వాడు ఒక్క బూతు మాట అంటే చాలు, తనకీ గొంతు వచ్చేది. కమెన్ అనలేదు. ఎండగా ఉంది, మంచినీళ్లు తాగమని చెప్పి వెళ్లిపోయాడు. టోపీ పట్టుకుని నెద్కో అలాగే నిలబడిపోయాడు.

కాసేపు గడిచింది. దూరంగా ఒక మిషను దగ్గి అందుకుంది, దాని వెనక మిగతావి. నెద్కో తెర చూశాడు. తన నంబరు ఎర్రగానే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని కింద అదే నంబరు, చివర ఒక అక్షరం తగిలించుకుని, పచ్చగా ఉంది.

షిఫ్టు గంట కొట్టాక బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లాడు. పనిబూట్లు విప్పి అరలో పెట్టాడు. ఇంటికెళ్లే బూట్లలో కుడిది తొడుక్కుని లేసు కట్టాడు. ఎడమదానికోసం వంగి, అలాగే బల్ల మీదికి పక్కకి ఒరిగాడు. మిగతావాళ్లు అలసిపోయాడనుకుని మెల్లగా మాట్లాడుకుంటూ ఒక్కొక్కరే వెళ్లారు. నేల తుడవడానికి వచ్చిన మనిషి లేపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంబులెన్సు గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. గేటు ఇరుకు, ఎదురుగా లారీ. ముందు లారీని పంపించారు. సరుకు అప్పటికే ఆలస్యమైంది. ఎలాగూ తొందరేముందిలే అన్నారెవరో.

మూడోరోజుకి గేటు తలుపు మీద నెద్కో ఫొటోతో చావు కాగితం అంటించారు. కమెన్ పూలు పంపాడు. దోన్కా గోధుమ ప్రసాదం పంచి, దేవుడు అతన్ని క్షమించుగాక అంది. ఎవరికి క్షమ కావాలో ఎవరూ అడగలేదు.

ఎడమకాలి బూటు మాత్రం బల్ల కిందే ఉండిపోయింది. రాయ్నాకి ఒంటి బూటు పట్టుకెళ్లి ఇవ్వడానికి ఎవరికీ మొహం చెల్లలేదు, పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఊడ్చేటప్పుడు చీపురుతో ఇటు జరుపుతారు, మళ్లీ అటు జరుపుతారు. గోధుమరంగు తోలు, కొత్తగా వేయించిన మడమ, కాలు పట్టేలా బాగా వదులు చేసిన లేసు.